మూడు వందల ఏళ్ల చెక్క: నోవా స్కోషియా పాత కట్టడాలు నిలిచిన తీరు

చెక్క నానుతుంది, పుచ్చుతుంది, నిప్పు తగిలితే ఒక్క రాత్రిలో బూడిదవుతుంది. అందుకే వారసత్వ కట్టడం అనగానే మన కళ్ల ముందు రాతి గుడో కోట గోడో మెదులుతుంది. కెనడా తూర్పు కొసన, అట్లాంటిక్ సముద్రంలోకి చొచ్చుకుపోయిన నోవా స్కోషియా ప్రావిన్సులో ఈ లెక్క తిరగబడింది. ఫ్రాన్స్ అక్కడ కోట్లు గుమ్మరించి కట్టించిన లూయిస్‌బర్గ్ రాతి కోట 1760లోనే నేలమట్టమైంది. అదే ఫ్రెంచివారి కాలంలో, 1708లో, అనాపొలిస్ రాయల్ అనే చిన్న ఊళ్లో ఒక సైనికాధికారి కట్టించుకున్న చెక్క ఇల్లు ఇప్పటికీ నిలబడి ఉంది. దాన్ని డిగాన్స్-కాస్బీ ఇల్లు అంటారు. కట్టిన తేదీకి పత్రాల ఆధారం ఉన్న చెక్క చట్రపు ఇళ్లలో కెనడా మొత్తం మీద ఇదే పాతది.

ఇదేదో అదృష్టం అనుకుంటే పొరపాటు. చెక్క కట్టడం ఆయుష్షు దాని చెక్కలో ఉండదు. పలక పుచ్చితే పలకను, దూలం పుచ్చితే దూలాన్ని మార్చుకుంటూ పోయిన చోట అది బతుకుతుంది. అందుకు ఆ పని తెలిసిన వడ్రంగి ఉండాలి, కూలి ఇచ్చేవాడు ఉండాలి, చలికాలంలో ఆ ఇంట్లో పొయ్యి వెలిగించేవాడు ఉండాలి. నోవా స్కోషియాలో ఏది మిగిలింది, ఏది పోయింది అని చూస్తూ పోతే, దాదాపు ప్రతి చోటా జవాబు ఈ ముగ్గురి దగ్గరే దొరుకుతుంది. చట్టం పాత్ర అందులో అనుకున్నంత పెద్దది కాదు.

అసలు అంత చెక్క ఎందుకు? అడవి ఇంటి వెనకే ఉంది. స్ప్రూస్, పైన్ చెట్లకు కొదవ లేదు. ఓడలు కట్టే వడ్రంగులు ప్రతి రేవులోనూ ఉన్నారు. చలికాలంలో నీరు గడ్డకట్టడం, కరగడం పదే పదే జరిగే వాతావరణంలో రాతికట్టు సున్నం తేలిగ్గా చిట్లుతుంది. చెక్క మాత్రం కాస్త వంగి, కాస్త సాగి సర్దుకుపోతుంది. అనాపొలిస్ రాయల్‌లోనే 1710 నాటి సింక్లెయిర్ సత్రంలో గోడ లోపలి భాగాన్ని చూపరుల కోసం తెరిచి ఉంచారు. చెక్క నిలువుల మధ్య గడ్డి కలిపిన బంకమట్టి కూరి ఉంటుంది. చలిని ఆపడానికి అకాడియన్లు, అంటే అక్కడ స్థిరపడిన ఫ్రెంచి రైతులు, ఎంచుకున్న ఉపాయం అది.

1749లో బ్రిటిషువారు హాలిఫాక్స్ నగరాన్ని మొదలుపెట్టినప్పుడు కూడా చెక్కనే నమ్ముకున్నారు. మరుసటి ఏడాది కట్టిన సెయింట్ పాల్స్ చర్చి లండన్‌లోని ఒక ఇటుక చర్చికి నకలు. కానీ దాని చట్రం దూలాలు బోస్టన్ నుంచి ఓడలో వచ్చాయి. రాజధాని నమూనాను వలసరాజ్యపు చెక్కతో దించారన్నమాట. కెనడాలో నిలిచి ఉన్న ప్రొటెస్టెంట్ చర్చి భవనాల్లో ఇదే పాతది.

చెక్క నిర్మాణం నిండుగా కనిపించేది మాత్రం హాలిఫాక్స్‌కు పడమటి తీరంలో ఉన్న లూనెన్‌బర్గ్‌లో. 1753లో బ్రిటిషు ప్రభుత్వం జర్మనీ, స్విట్జర్లాండ్, ఫ్రాన్స్‌లోని మోంబెలియార్ ప్రాంతాల నుంచి తెచ్చిన ప్రొటెస్టెంట్లను అక్కడ దింపింది. ఆ నేల అప్పటికే ఖాళీగా లేదు. అక్కడి ఆదివాసులైన మిక్మా ప్రజలదీ, వారితో కలిసిమెలిసి బతికిన అకాడియన్లదీ ఆ రేవు. కొత్త ఊరికి గీసిన పటంలో అవేవీ లేవు. చివరికి కొండ కూడా లేదు. సమతలం మీద గీసినట్టు చతురస్రాల గడులు గీసి, ఆ గడులను నిట్టనిలువు వాలు మీద పరిచేశారు. నిలువు వీధులు ఏడు, అడ్డ వీధులు తొమ్మిది. నిలువు వీధులు 48 అడుగుల వెడల్పు, నడిమి కింగ్ వీధి ఒక్కటి 80 అడుగులు. ఒక్కో చదరంలో 14 స్థలాలు, ఒక్కో స్థలం 40 అడుగులకు 60 అడుగులు. వంపు తిరగవలసిన చోట వీధి తిన్నగా పైకి ఎక్కుతుంది. మంచు పడిన రోజున ఆ పటం గీసినవారిని ఊరివాళ్లు ఏమని తలుచుకుని ఉంటారో ఊహించడం కష్టమేమీ కాదు.

ఆ పటం ఈనాటికీ చెక్కుచెదరలేదు. 1995లో యునెస్కో పాత లూనెన్‌బర్గ్‌ను ప్రపంచ వారసత్వ ప్రదేశంగా ప్రకటించడానికి ముఖ్య కారణం అదే. అక్కడి సుమారు 400 ప్రధాన కట్టడాల్లో 70 శాతం 18, 19 శతాబ్దాలవి, దాదాపు అన్నీ చెక్కవే. కట్టిన తీరులో వలసవచ్చినవారి చేతివాటం కనిపిస్తుంది. కొన్ని పాత ఇళ్లలో నిలువు స్తంభాలకు నిడివి పొడవునా గాడి తీసి, అడ్డ దుంగల కొసలను ఆ గాడిలోకి పైనుంచి జార్చి గోడ లేపారు. మేకులతో పెద్దగా పని లేదు. దుంగ ఎండి కుదించుకుపోతే పైదుంగ తనంతట తానే కిందికి దిగి సందు మూసుకుంటుంది.

19వ శతాబ్దం చివరికి చేపల వేటలో, ఓడల పరిశ్రమలో డబ్బు చేరాక ఇళ్ల ముందు ఒక వింత అలంకారం మొలిచింది. ఇంటి కప్పు మీది గవాక్షాన్ని ముందుకు లాగి, కిందికి దించి, సరిగ్గా వీధి గుమ్మం మీదికి వేలాడదీశారు. అయిదు పలకల ఆ పొడుపును స్థానికులు లూనెన్‌బర్గ్ బుడిపె అంటారు. వంపు తిరిగిన పలకలను అతికించడం, అంచులకు నగిషీ దిద్దడం ఓడల వడ్రంగికి వెన్నతో పెట్టిన విద్య. స్మిత్ అండ్ రూలాండ్ ఓడల కార్ఖానా నుంచి 1921లో నీళ్లలోకి దిగిన బ్లూనోస్ తెరచాప ఓడ బొమ్మ ఈనాటికీ కెనడా పది సెంట్ల నాణెం మీద ఉంటుంది. అలాంటి ఓడలు కట్టిన ఊరు తన ఇళ్ల మరమ్మతుకు మనిషిని వెతుక్కోవలసిన అవసరం చాలాకాలం పడలేదు.

ఇంకో కారణాన్ని పర్యాటక కరపత్రాలు చెప్పవు. ఈ ఊళ్లు మిగలడానికి పేదరికం కూడా సాయపడింది. 1867లో నోవా స్కోషియా కెనడా సమాఖ్యలో చేరింది. తర్వాతి దశాబ్దాల్లో ఇనుప ఆవిరి ఓడలు వచ్చి చెక్క ఓడల గిరాకీని తినేశాయి. పరిశ్రమలు, పెట్టుబడి ఒంటారియో, క్యూబెక్ వైపు తరలిపోయాయి. పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టే స్తోమత చిన్న రేవు పట్టణాల్లో చాలామందికి లేకపోయింది. ఉన్నదానికే రంగు వేసుకుని కాలం గడిపారు. అలా గతిలేక దాచుకున్నది తర్వాతి తరానికి ఆస్తి అయింది. 1992లో కాడ్ చేపల వేటను తూర్పు తీరంలో ఆపేసిన మూడేళ్లకే లూనెన్‌బర్గ్‌కు యునెస్కో ముద్ర పడింది. చేప పోయిన చోటికి పర్యాటకుడు వచ్చాడు. ఇళ్ల ధరలు పెరిగాయి, వేసవిలో మాత్రమే తలుపు తీసే యజమానులు పెరిగారు. శీతాకాలమంతా తాళం వేసి ఉన్న చెక్క ఇల్లు ఎంత అందంగా రంగు వేసుకున్నా లోపల చెమ్మ పడుతూనే ఉంటుంది.

ఆ ఊరి సత్తాకు పరీక్ష 2001 అక్టోబర్ 31 రాత్రి ఎదురైంది. 1754లో మొదలైన సెయింట్ జాన్స్ ఆంగ్లికన్ చర్చికి నిప్పంటుకుంది. మొదట సాదా ప్రార్థనశాలగా ఉన్న ఆ చర్చిని 19వ శతాబ్దంలో చెక్కతోనే గోథిక్ పద్ధతికి మార్చారు. కోసు కమానులు, శిఖరాలు, అన్నీ వడ్రంగి పనే. తెల్లవారేసరికి సగానికి పైగా పోయింది. బూడిదను ఎత్తేసి ఆధునిక చర్చి కట్టుకోవాలా, శిథిలాన్ని స్మారకంగా వదలాలా, ఉన్నది ఉన్నట్టు మళ్లీ లేపాలా అని చర్చ జరిగింది. మళ్లీ లేపడానికే మొగ్గారు. పనికొచ్చే ప్రతి కాలని దూలాన్నీ ఏరి, కొత్త చెక్కతో జతచేసి, 2005 జూన్‌లో తలుపులు తెరిచారు.

ఆ పనిలో ఒక చిన్న సంగతి దగ్గరగా చూడదగ్గది. బలిపీఠం పైకప్పు మీద పాతకాలంలో బంగారు రేకు నక్షత్రాలు అద్దారు. అవి అలంకారానికి చల్లినవని అందరూ అనుకున్నారు. పాత ఫోటోలు చూసి ఆ నక్షత్రాలను తిరిగి అమర్చబోతుంటే వాటిలో ఒక క్రమం కనిపించింది. హాలిఫాక్స్ విశ్వవిద్యాలయ ఖగోళ శాస్త్రవేత్త ఒకరు లెక్క కట్టి, అది రెండు వేల ఏళ్ల కిందట, తొలి క్రిస్మస్ ముందురోజు సూర్యాస్తమయ వేళ లూనెన్‌బర్గ్ నుంచి కనిపించే ఆకాశానికి సరిపోతుందని తేల్చారు. చర్చి కాలిపోయి ఉండకపోతే ఆ కప్పు వైపు ఎవరూ అంత శ్రద్ధగా తలెత్తి చూసేవారు కారు. సగం కొత్త చెక్కతో నిలిచిన ఈ చర్చి అసలుదా, నకలా? ఈ ప్రశ్నకు పుస్తకాల్లో రకరకాల జవాబులు ఉన్నాయి. రెండున్నర శతాబ్దాలుగా పలకలు మార్చుకుంటూ వచ్చిన కట్టడంలో ఒకే రాత్రి ఎక్కువ పలకలు మారాయి, అంతే అనుకోవడమే సబబు.

దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ ప్రావిన్సు నైరుతి తీరంలో, చర్చ్ పాయింట్ అనే అకాడియన్ పల్లెలో ఉంది. 1755లో బ్రిటిషువారు అకాడియన్లను వేల సంఖ్యలో ఓడలెక్కించి వెళ్లగొట్టారు. కొన్నేళ్లకు తిరిగివచ్చినవారికి సారవంతమైన పాత పొలాలు దక్కలేదు, వాటిలో వేరేవారు దిగిపోయారు. సెయింట్ మేరీస్ అఖాతం ఒడ్డున రాళ్లురప్పల నేల దక్కింది. అక్కడ వారి మనవలు, మునిమనవలు 1903 నుంచి 1905 వరకు పనిచేసి సేంత్-మారీ చర్చిని కట్టారు. ఉత్తర అమెరికాలోని చెక్క చర్చిలన్నిటిలో పెద్దది అదే. శిఖరం ఎత్తు దాదాపు 56 మీటర్లు. పిడుగు దెబ్బకు ముందు ఇంకా ఎత్తుగా ఉండేది. నమూనా ఫ్రాన్స్ వాస్తుశిల్పిది, చెయ్యి లియో మెలాన్సన్ అనే స్థానిక మేస్త్రీది. ఆయనకు చదవడం, రాయడం రాదని చెబుతారు. లోపల పాలరాతి స్తంభాల్లా కనిపించేవి నిజానికి నిలువెత్తు చెట్టు మొదళ్లు, వాటికి పైన సున్నపు పూత పూశారు. సముద్రపు గాలికి శిఖరం ఊగిపోకుండా దాని మొదట్లో 40 టన్నుల రాయి నింపారు. ఓడ తూగకుండా అడుగున బరువు వేసే తెలివే ఇది.

ఈ చర్చి కాలిపోలేదు, ఎవరూ పడగొట్టలేదు. 2019లో తలుపులు మూసుకుంది. కప్పు కారింది, మరమ్మతు ఖర్చు ఏటికేడు పెరిగింది, ప్రార్థనకు వచ్చేవారి సంఖ్య పడిపోయింది. చందాలతో నడిచే పల్లె సంఘం అంత డబ్బు తేలేకపోయింది. పరిరక్షణ జాబితాలోకి ఎక్కినంత మాత్రాన కప్పు మీది చెక్కపెంకులు మారలేదు. ఇది ఒక్క పల్లె సమస్య కూడా కాదు. పదేళ్లలో సుమారు 9,000 ప్రార్థనాలయాలు, అంటే దేశంలోని మూడో వంతు, మూతపడవచ్చని 2019లో నేషనల్ ట్రస్ట్ ఫర్ కెనడా హెచ్చరించింది. సగం కాలిన సెయింట్ జాన్స్ బతికింది, చెక్కుచెదరని సేంత్-మారీ మూలపడింది. ఒకటి పర్యాటకులు క్యూ కట్టే పట్టణం నడిబొడ్డున ఉంది, రెండోది ఉద్యోగాల కోసం యువత వలసపోయే తీరంలో ఉంది. వాస్తు విలువలో ఈ రెండింటికీ ఉన్న తేడా కంటే ఈ తేడాయే ఎక్కువ పని చేసింది.

హాలిఫాక్స్‌లో ఒక పేట చెక్కను వదిలిపెట్టడానికి ఒక ఉదయం చాలింది. 1917 డిసెంబర్ 6న మందుగుండు నింపుకొన్న ఫ్రెంచి ఓడ మోంట్-బ్లాంక్‌ను రేవు ఇరుకులో ఇమో అనే నార్వే ఓడ ఢీకొంది. పేలుడులో దాదాపు 2,000 మంది చనిపోయారు, 9,000 మంది గాయపడ్డారు. ఉత్తరపు కొసన ఉన్న రిచ్‌మండ్ పేట చెక్క ఇళ్లు అట్టపెట్టెల్లా నలిగిపోయాయి. చలికాలం కావడంతో ప్రతి ఇంట్లో పొయ్యి మండుతోంది. కూలిన చెక్క మీద ఆ నిప్పులు ఒలికి మిగిలినదీ తగలబడింది. రెండు కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న సెయింట్ పాల్స్ చర్చి నిలబడింది గానీ, ఎక్కడినుంచో ఎగిరివచ్చిన ఒక కిటికీ చట్రం ముక్క దాని లోపలి గోడలో దిగబడిపోయింది. దాన్ని తీయకుండా అలాగే ఉంచారు.

పునర్నిర్మాణాన్ని టామస్ ఆడమ్స్ అనే బ్రిటిషు పట్టణ ప్రణాళికా నిపుణుడికి, మాంట్రియల్ వాస్తుశిల్పి జార్జ్ రాస్‌కు అప్పగించారు. అచ్చులో ఒత్తిడితో పోసిన కాంక్రీటు దిమ్మెలతో వారు 324 ఇళ్లు కట్టారు. నిప్పంటదని చెప్పుకునే ఆ దిమ్మె పేరే పేటకూ వచ్చింది, హైడ్రోస్టోన్. ప్రతి వరుస ముందు పచ్చిక మైదానం, వెనక బొగ్గు బండి రావడానికి సందు. ఇళ్లు లేని కార్మిక కుటుంబాలకు అద్దెకిచ్చిన ఈ పేట ఇప్పుడు నగరంలో అందరూ కోరుకునే ఖరీదైన పేటల్లో ఒకటి. నూరేళ్లయినా వీధి వరుస చెడలేదు. ఇక్కడ చెక్క పోయినా సూత్రం అదే పని చేసింది. పేలుడు బాధితుల కోసం ఏర్పడిన సహాయ సంఘమే దశాబ్దాల పాటు యజమానిగా ఉండి ఇళ్లను కనిపెట్టుకుంది, తర్వాత అవి కాపురమున్నవారి చేతికి వచ్చాయి.

లూయిస్‌బర్గ్ సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఒకప్పుడు నేలమట్టమైన ఆ కోట 1961 నుంచి మళ్లీ లేచింది. కేప్ బ్రెటన్ దీవిలో బొగ్గు గనులు మూతపడుతుంటే పని పోయిన గని కార్మికులకు ఉపాధి చూపడానికి కెనడా ప్రభుత్వం ఈ పని పెట్టింది. గని కార్మికులు రాతిపని నేర్చారు. శత్రువులు పడగొట్టాక ఆ స్థలంలో ఎవరూ పెద్దగా ఇళ్లు కట్టకపోవడం తవ్వకాలకు కలిసొచ్చింది. ఫ్రాన్స్ ప్రభుత్వ గుమాస్తాలు లక్షల పేజీల లెక్కపత్రాలు దాచిపెట్టడం నిర్మాణానికి కలిసొచ్చింది. పాత పట్టణంలో దాదాపు నాలుగో వంతు తిరిగి కట్టారు. వయసులో అది హైడ్రోస్టోన్ కంటే చిన్నది. అయినా పద్దెనిమిదో శతాబ్దాన్ని చూడాలనుకునేవారు అక్కడికే వెళ్తారు.

ప్రభుత్వం తలుచుకుంటే మాయమైన పట్టణాన్ని కూడా లేపగలదని లూయిస్‌బర్గ్ చూపించింది. అందుకే అదే దశాబ్దంలో హాలిఫాక్స్‌లో జరిగినది గుచ్చుకుంటుంది. బెడ్‌ఫర్డ్ అఖాతం ఒడ్డున ఆఫ్రిక్‌విల్ అనే నల్లజాతి పేట ఉండేది. ఆ పేటవాళ్లు నగరానికి పన్ను కట్టేవారు. నగరం మాత్రం వారికి నీటి గొట్టాలు, మురుగు కాలువలు వేయలేదు. చెత్త కుప్పను తెచ్చి పక్కన పెట్టింది. 1960లలో పట్టణ అభివృద్ధి పేరిట ఇళ్లన్నీ పడగొట్టింది. కొందరి సామాన్లను చెత్త లారీల్లో తరలించింది. 1849లో ఏర్పడిన సంఘానికి గుండెకాయ లాంటి సీవ్యూ చర్చిని 1967లో ఒక రాత్రివేళ కూల్చారు. 2010లో మేయర్ క్షమాపణ చెప్పాడు, నగరం 30 లక్షల డాలర్లు ఇచ్చింది. ఆ డబ్బుతో లేచిన చర్చి నకలు ఇప్పుడు మ్యూజియం. ఇళ్లు మాత్రం రాలేదు. ఏది వారసత్వం అనే నిర్ణయం కట్టడం వయసును బట్టి కాక, ఆ కట్టడం ఎవరిదన్నదాన్ని బట్టి జరిగిన సందర్భం ఇది.

చట్టం మాటకు వస్తే, కెనడాలో ఆస్తి వ్యవహారాలు ప్రావిన్సుల చేతిలో ఉంటాయి. సమాఖ్య ప్రభుత్వం ఒక భవనాన్ని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటిస్తే దాని ముందు గుర్తింపు ఫలకం పెడుతుంది. ప్రైవేటు యజమాని దాన్ని పడగొట్టకుండా ఆపే బలం ఆ ప్రకటనకు లేదు. ఆ బలం ప్రావిన్సు చట్టానికి ఉండాలి. నోవా స్కోషియా వారసత్వ ఆస్తుల చట్టం 1980లో వచ్చింది. మునిసిపాలిటీ జాబితాలో ఉన్న కట్టడాన్ని కూల్చడానికి యజమాని దరఖాస్తు పెడితే నగరం కాదనవచ్చు. కానీ మొదట్లో ఏడాది ఆగితే చాలు, నగరం ఒప్పుకోకపోయినా కూల్చుకోవచ్చు. 2010 సవరణతో ఆ ఏడాది మూడేళ్లయింది. స్థలం విలువ కోట్లలో పలికే నగరం నడిబొడ్డున మూడేళ్లు ఓపిక పట్టడం బిల్డరుకు భారమేమీ కాదు. అంటే ఈ చట్టం కట్టడాన్ని కాపాడదు, దాన్ని కాపాడుకోవాలనుకునేవారికి గడువు ఇస్తుంది.

గడువు దొరికినప్పుడు ఏం చేయవచ్చో మోరిస్ భవనం చెబుతుంది. లూనెన్‌బర్గ్ గడులను నేల మీద కొలిచి పరిచిన సర్వేయరు చార్ల్స్ మోరిస్ కార్యాలయం అది. హాలిఫాక్స్‌లో హాలిస్ వీధి మూల మీద ఉండేది. దూలాల్లోని వార్షిక వలయాలను లెక్కించిన నిపుణులు దాన్ని 1764 ప్రాంతంలో కట్టారని తేల్చారు. అక్కడ కొత్త అపార్టుమెంట్లు వస్తున్నాయని తెలిశాక వారసత్వ ప్రేమికులు, పర్యావరణ కార్యకర్తలు చేతులు కలిపారు. మొదట భవనాన్ని పక్కకు జరిపి పెట్టారు. 2013 జనవరిలో దాన్ని మొత్తంగా చక్రాల బండి మీదికి ఎక్కించి, నగర వీధుల గుండా ఉత్తరపు పేటకు తీసుకెళ్లారు. దారిలో కరెంటు తీగలను ఎత్తిపట్టుకోవలసి వచ్చింది. స్థలం మారితే వారసత్వం సగం పోయినట్టేనని వాదించేవారు ఉన్నారు, ఆ వాదనలో నిజం లేకపోలేదు. రేవుకు కూతవేటు దూరంలో ఉండవలసిన సర్వేయరు కార్యాలయం ఇప్పుడు ఇళ్ల మధ్య ఉంది. అయితే రాతి భవనమైతే ఈ ప్రయాణం ఊహకు కూడా అందేది కాదు. కొత్త చోట పునాది పోసి, గోడల్లోకి చలి రాకుండా దట్టంగా కూరి, లోపల గదులు సర్దారు. వాటిని ఇల్లు దొరకని యువతకు తక్కువ అద్దెకు ఇచ్చారు.